మొక్కజొన్న సైలేజీ: కోతకు ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

పాడి ఆవుల మేత కోసం మొక్కజొన్నను పాతర వేసి సైలేజీ (గాలి తగలకుండా గుంతలో పులియబెట్టి నిల్వ చేసే పచ్చిమేత) చేయదలచిన రైతు అన్నింటికంటే ముందు ఆలోచించవలసింది కోత రోజు గురించి. గుంతలో మేతను ఎంత గట్టిగా తొక్కించినా, పట్టాను ఎంత శ్రద్ధగా కప్పినా, వేళ తప్పి కోసిన పైరులో లేని పోషకాలు సైలేజీలోకి వచ్చి చేరవు.

మొత్తం మొక్కలో పొడి పదార్థం 32 నుంచి 35 శాతం మధ్య ఉన్నప్పుడు, అంటే తేమ 65 నుంచి 68 శాతం ఉన్నప్పుడు కోయడం మేలు. గట్టు పక్కన కాకుండా చేను లోపలి నుంచి కొన్ని కండెలు తెచ్చి, మధ్యకు విరిచి, కొస వైపు ముక్కలో విరిగిన చోట కనిపించే గింజలను పరిశీలించాలి. గింజ పైభాగం గట్టిపడి, బెండు వైపు ఇంకా పాలు మిగిలి ఉంటే రెండింటి నడుమ ఒక గీత కనిపిస్తుంది. అది సగం దాటి మూడింట రెండు వంతుల దాకా దిగితే కోతకు వేళయినట్లే. అయితే గింజ ముదిరినా ఆకు పచ్చగానే ఉండే రకాలు ఉన్నాయి కనుక గీతను మాత్రమే నమ్ముకోవడం క్షేమం కాదు. కొన్ని మొక్కలను మొత్తంగా ముక్కలు చేయించి, కలిపి, అందులో 100 గ్రాములు తూచి, మాడనివ్వకుండా, బరువు ఇక తగ్గని దాకా ఆరబెట్టి మళ్లీ తూస్తే, మిగిలిన గ్రాములే పొడి పదార్థ శాతం.

తొందరపడి లేతగా కోస్తే గింజలో పిండి పదార్థం నిండదు. పైగా గుంత అడుగు నుంచి కారే రసంతో చక్కెరలు, కరిగే మాంసకృత్తులు పోతాయి. పులియడం దారి తప్పి దుర్వాసన వచ్చిన మేతను ఆవులు సరిగా తినవు.

ఆలస్యం చేసిన చేనుతో వచ్చే చిక్కు ఇంకా పెద్దదని నా అభిప్రాయం. కాండంలో లిగ్నిన్ (కాండాన్ని గట్టిపరిచే, అరగని పదార్థం) పెరిగి పీచు అరగడం తగ్గుతుంది. ఎండిన ముక్కలు ఎంత తొక్కినా అణగక, వాటి సందుల్లో గాలి నిలిచి, గుంత తెరిచాక మేత వేడెక్కి బూజు పడుతుంది. తప్పనిసరై ముదురు పైరునే కోయవలసి వస్తే ముక్కలను మరింత చిన్నవిగా కొట్టించి, గింజలు నలిగేటట్లు చూసి, పలుచని పొరలుగా పరచి తొక్కించాలి.

పొడి గాలులు వీచే ఎండ రోజుల్లో పైరు అనుకున్నదానికంటే త్వరగా ఆరిపోతుంది కనుక, యంత్రాన్ని, కూలీలను ముందే మాట్లాడి పెట్టుకోవాలి. బెట్టకు గురైన పైరుపై వాన పడితే పశువులకు విషమయ్యే నైట్రేట్లు పెరిగే ప్రమాదం ఉన్నందున వెంటనే కోయకుండా కొన్ని రోజులు ఆగి, మొదలును ఎత్తుగా వదిలి కోయాలి.

గడ్డి జాతి పశుగ్రాసాలకు ఈ లెక్క వర్తించదు; వెన్ను పైకి వచ్చేకొద్దీ వాటిలో మాంసకృత్తులు తగ్గుతాయి కనుక పొట్ట దశలోనే కోయాలి.

సైలేజీ మేపడం మొదలుపెట్టాక పేడను నీటితో కడిగి చూడాలి. అందులో గింజలు గింజలుగానే కనిపిస్తే, ఆవుకు అందవలసిన పిండి పదార్థం అరగకుండానే బయటికి పోతున్నట్లు.