విశాఖ ఉప్పుగాలిలో పియానో

రోజంతా ఓపీ చూసి ఇంటికొచ్చాక పావుగంటైనా పియానో వాయించకపోతే నాకు నిద్ర పట్టదు. చిన్నప్పటి నుంచీ అంతే. అందుకే లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు ఉండేవాళ్లకు ఒక మాట: పియానోను సముద్రం వైపు కిటికీ దగ్గర పెట్టకండి. నేను పెట్టాను. రెండు వానాకాలాలకే తీగల మీద ఎర్రగా తుప్పు పట్టింది, నొక్కిన మెట్టు పైకి లేవడం మానేసింది.

పియానో లోపల 200కు పైగా తీగలుంటాయి. వాటి వెనకున్న పలచటి చెక్క పలక చెమ్మ పీల్చి ఉబ్బితే తీగలు బిగిసి శ్రుతి పెరుగుతుంది, ఆరితే తగ్గుతుంది. ఈ ఊగిసలాటే అసలు చేటు. లోపలి గోడకు, ఏసీ గాలి నేరుగా తగలనిచోట పెట్టండి. పక్కన తేమ చూపే చిన్న మీటరు ఉంచండి, 45-55 శాతం ఉంటే బాగుంటుంది. 65 దాటితే తలుపులు మూసి ఏసీని డ్రై మోడ్‌లో నడపండి. వాయించాక మెట్లను పొడిగుడ్డతో తుడవండి, చెమట ఉండిపోకూడదు. శ్రుతి మాత్రం వానలు వెళ్లి గాలి కాస్త పొడిబారాక, డిసెంబరులో చేయించండి. ముందే చేయిస్తే నెలకే మళ్లీ తప్పుతుంది.