పీఎం సూర్యఘర్: ఇంటి పైకప్పు సోలార్‌కు దరఖాస్తు ఇలా

దరఖాస్తుకు ముందు కరెంటు బిల్లు తీసి, సర్వీసు ఎవరి పేరున ఉందో చూడండి. చాలా ఇళ్లకు బిల్లు ఇప్పటికీ కాలం చేసిన తండ్రి పేరునో, తాతగారి పేరునో వస్తుంటుంది. బిల్లు, ఆధార్, బ్యాంకు ఖాతాల్లో పేర్లు కలవకపోతే చిక్కు తప్పదు. కాబట్టి ముందుగా మీ డిస్కంలో (విద్యుత్ పంపిణీ సంస్థలో) పేరు మార్పిడి చేయించుకోండి. ప్యానెళ్లు బిగించాక ఈ పని పెట్టుకుంటే రాయితీ డబ్బు ఆగిపోయి అవస్థ పడాలి.

కేంద్రం 2024 ఫిబ్రవరిలో తెచ్చిన ఈ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు రూ.30,000 చొప్పున, మూడో కిలోవాటుకు రూ.18,000 రాయితీ ఇస్తారు. అంతకన్నా పెద్దది పెట్టుకున్నా రూ.78,000 మించదు.

ఎన్ని కిలోవాట్లు కావాలో ఏడాది బిల్లులు చూసి లెక్క వేసుకోండి. కిలోవాటుకు నెలకు సుమారు 100 నుంచి 120 యూనిట్లు వస్తాయి. 75 వాట్ల పాత ఫ్యాన్ల బదులు తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు బిగిస్తే వాడకమే తగ్గుతుంది, చిన్న ప్లాంటు సరిపోవచ్చు. ఆ పని ముందు చేయడమే మేలని నా అభిప్రాయం. కిలోవాటుకు దాదాపు 100 చదరపు అడుగుల డాబా కావాలి. ఒక్క ప్యానెల్ మీద వాటర్ ట్యాంకు నీడ పడినా ఉత్పత్తి తగ్గుతుంది.

ఇక ఈ పథకం జాతీయ పోర్టల్‌లో (వెబ్‌సైట్‌లో) రాష్ట్రం, డిస్కం, సర్వీసు నంబరు, ఫోను నంబరు ఇచ్చి నమోదు చేసుకుని దరఖాస్తు పంపండి. పది కిలోవాట్ల వరకు సాంకేతిక పరిశీలన అవసరం లేకుండానే ఆమోదం లభిస్తుంది. తర్వాత పోర్టల్‌లో నమోదైన విక్రేతల్లో ఒకరిని ఎంచుకోవాలి. ఇద్దరు ముగ్గురి దగ్గర ధర రాతపూర్వకంగా అడగండి. ప్యానెళ్లతో పాటు వాటిలోని సెల్స్ కూడా దేశంలో తయారైనవే కావాలి, లేకపోతే రాయితీ రాదు. ఐదేళ్ల నిర్వహణ బాధ్యత ఒప్పందంలో ఉండేలా చూసుకోండి. కరెంటు లైనుకు కలిపి నడిచే మామూలు ఆన్‌గ్రిడ్ ప్లాంటు కరెంటు పోయినప్పుడు పనిచేయదు. ప్లాంటు కరెంటు లైనులోకి వెళ్లకుండా, లైన్‌మన్ భద్రత కోసమే ఈ ఏర్పాటు. కోతల వేళా కరెంటు కావాలంటే బ్యాటరీ ఖర్చు అదనం.

ప్లాంటు బిగించాక వివరాలు అప్‌లోడ్ చేసి నెట్‌మీటరుకు (మీరు లైను నుంచి తీసుకున్న, లైనుకు పంపిన కరెంటు రెండూ లెక్కించే మీటరుకు) దరఖాస్తు పెట్టాలి. డిస్కం సిబ్బంది తనిఖీ చేసి మీటరు అమర్చాక, ప్లాంటు పని మొదలైందని తెలిపే కమిషనింగ్ నివేదిక వస్తుంది. అప్పుడు బ్యాంకు వివరాలు, రద్దు చేసిన చెక్కు సమర్పిస్తే, సాధారణంగా 30 రోజుల్లో రాయితీ నేరుగా మీ ఖాతాలో పడుతుంది.