చూడకుండా కొన్న బస్సు మోటార్‌హోమ్: నా అనుభవం

అరిజోనాలో ఉన్న పాత బస్సు మోటార్‌హోమ్‌ని (లోపలే ఇల్లులా ఉండే బండి) డాలస్‌లో కూర్చుని ఫోటోలు చూసి కొనేశాను. ఫోటోల్లో టైర్లు నిగనిగలాడాయి. బండి ఇంటికొచ్చాక చూస్తే టైరు పక్కగోడ మీద డాట్ కోడ్ (టైరు తయారీ వివరాలు చెప్పే కోడ్) చివర 3514 అని ఉంది. అంటే 2014లో 35వ వారం తయారైనవి. అరుగుదల లేదు కానీ రబ్బరు ఎండి సన్నటి పగుళ్లు. అన్నీ మార్చాను.

అసలు టెన్షన్ గాలి ఒత్తిడితో పనిచేసే ఎయిర్ బ్రేకులది. చక్రాలకు దిమ్మలు పెట్టి, ఇంజిన్ ఆపి, పార్కింగ్ బ్రేక్ వదిలి గాలి ఒత్తిడి చూపే గేజ్ చూశాను. ఒత్తిడి నిమిషానికి 2 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) మించి తగ్గకూడదు. నాకు 9 పడిపోయింది! సబ్బు నీళ్లు కొడుతూ వెతికితే, ఎయిర్ డ్రయర్ (గాలిలో తేమ తీసేసేది) దగ్గర గొట్టం కలిసే చోట బుడగలు పొంగాయి. ఫిట్టింగ్ మార్చాక 1 దగ్గర నిలిచింది. ఒక్క మాట: ఎయిర్ సస్పెన్షన్ ఉన్న, అంటే గాలి సంచుల మీద నిలబడే బస్సు కిందకి స్టాండ్లు పెట్టకుండా అస్సలు దూరకండి. గాలి పోతే బాడీ మీదకి దిగిపోతుంది.

డబ్బు కట్టే ముందు వీడియో కాల్‌లో టైరు కోడ్, నిమిషం పాటు గేజ్, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయడం చూపించమనండి. టైటిల్ (యాజమాన్య పత్రం) మీద ఉన్న విన్ నంబరు, అంటే బండి గుర్తింపు నంబరు, బండి మీద నంబరుతో కలవాలి. వీలైతే అక్కడి ఆర్‌వీ ఇన్‌స్పెక్టర్‌ని (ఇలాంటి బండ్లు తనిఖీ చేసేవాళ్లని) పంపండి. పైకప్పు చుట్టూ తేమ ఉందేమో కెమెరా చూపించదు, చెయ్యి పెట్టి నొక్కాల్సిందే.