మెడికల్ షాపులో ఐదు నిమిషాల పాఠం

కొత్తగా చేరిన కుర్రాళ్ళని ఆదివారం కూర్చోబెట్టి గంటల తరబడి క్లాసు చెప్పేవాళ్ళం. షెడ్యూళ్ళు (ఏ మందు ఎలా అమ్మాలో చెప్పే చట్టపు జాబితాలు), ఎక్స్‌పైరీలు, ఫ్రిజ్ మందులు, బిల్లింగ్ అన్నీ ఒకేసారి. బుద్ధిగా తలూపేవాళ్ళు. బుధవారానికల్లా ఇన్సులిన్ ఎక్కడ పెట్టాలో మళ్ళీ అడిగేవాళ్ళు.

ఇప్పుడు పొద్దున్నే, రద్దీ మొదలవకముందే ఐదు నిమిషాలు. ఒక్కటే విషయం, అదీ సరుకు చేతిలో పెట్టుకుని. ఇన్సులిన్ వంతు వస్తే ఫ్రిజ్ తలుపు తీసి థర్మామీటర్ చూపిస్తాను. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఫ్రీజర్‌లో పెట్టకూడదు, గడ్డకడితే ఇక పనికిరాదు. అంతే, పాఠం అయిపోయింది.

బాగా ఇబ్బంది పెట్టింది హెచ్1 రిజిస్టరే, అంటే డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్1 మందుల లెక్క రాసే పుస్తకం. 2014 మార్చి నుంచి ఉన్న రూలు ఇది: డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చామో రాసి మూడేళ్ళు దాచాలి. ఆ పాఠాన్ని చిన్న ముక్కలు చేశాను. ఒకరోజు లేబుల్ మీద ఎర్ర అంచు హెచ్చరిక గుర్తుపట్టడం, మర్నాడు పాత చీటీ చూసి తెల్లకాగితం మీద ఒక్క వరుస నింపడం.

అసలు కిటుకు మర్నాటి ప్రశ్నలో ఉంది. కొత్తది చెప్పేముందు నిన్నటిది అడుగుతాను, వారం పోయాక మళ్ళీ అడుగుతాను. నేర్చుకున్నది ఎంత త్వరగా మరిచిపోతామో జర్మన్ మనస్తత్వవేత్త ఎబింగ్‌హాస్ తనమీదే ప్రయోగాలు చేసుకుని 1885లోనే రాశాడు. మా కుర్రాళ్ళని చూసుంటే ఆయనకి అంత శ్రమ ఉండేది కాదు.

డాక్టర్ల చేతిరాత మాత్రం ఈ పద్ధతికి లొంగలేదు. అది ఫార్మసిస్టు పక్కన నిలబడి నెలల తరబడి చూడాల్సిందే. అప్పటికీ అర్థం కాకపోతే ఊహించొద్దని, క్లినిక్‌కి ఫోన్ చేయమని చెప్పాను.