మెయిన్ ఆపినా బోర్డులో కరెంటు: వైఫై స్విచ్చులు బిగించే ముందు

రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. బెజవాడలో రోళ్ల సంగతేమో గానీ, ఆ రోజుల్లో పడమటి గోడలో ఉన్న స్విచ్‌బోర్డు మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగులుతుంది. ఆ వెనకే మృగశిర, ఈదురుగాలులు, ఉరుములు, గంటకోసారి కరెంటు పోవడం, రావడం. సరిగ్గా ఈ సమయంలోనే మా అపార్ట్‌మెంట్‌లో ముగ్గురు ఫోన్‌తో లైట్లు వేసే వైఫై స్విచ్చులు పెట్టించుకుంటామని బయల్దేరారు. అందరూ అడిగేది ఒకటే: "ఏ కంపెనీది కొనమంటారు?" నేను చెప్పేది వాళ్లకి నచ్చదు. ముందు బోర్డు విప్పించి చూడండి, కంపెనీ సంగతి తర్వాత.

నేనూ ఈ పని తలకిందులుగా చేసినవాణ్ణే. ఆఫర్లో వస్తున్నాయని నాలుగు తెప్పించాను. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బాలు, మాడ్యూల్ అంటారు, పాత స్విచ్చు వెనకాల గోడలో దాక్కుంటాయి. ఆదివారం పొద్దున్నే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి హాల్లో బోర్డు విప్పిస్తే లోపల న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరే లేదు.

మామూలు స్విచ్చుకు న్యూట్రల్‌తో పని లేదు. ఫేజు, అంటే కరెంటు తెచ్చే వైరు, వచ్చి స్విచ్చు దాటి లైటుకు వెళ్తుంది. న్యూట్రల్ మాత్రం పైనుంచి పైనే లైటుకు చేరుతుంది. వైఫై స్విచ్చు అలా కాదు. లైటు ఆపేసినా లోపలి చిన్న రేడియో మేలుకొని మన ఫోన్ మాట వింటూ ఉండాలి. అందుకు దానికి ఎప్పుడూ కరెంటు అందాలి, అంటే ఫేజుతో పాటు న్యూట్రల్ కావాలి. మీ బోర్డులో 5 ఆంపియర్ల సాకెట్ ఉంటే న్యూట్రల్ ఉన్నట్టే లెక్క, అది లేకుండా సాకెట్ పనిచేయదు. ఉత్త స్విచ్చులు మాత్రమే ఉన్న బోర్డయితే అనుమానించాల్సిందే. చెక్క బోర్డులున్న పాత ఇళ్లలో వైరు రంగుల్ని అస్సలు నమ్మకండి. మా ఇంట్లోనే నల్ల వైరులో ఫేజు వచ్చింది. వైరింగ్ చేసిన రోజు చేతిలో ఉన్న వైరుతో కానిచ్చేసి ఉంటారు.

న్యూట్రల్ లేదని నేను నీరుగారిపోతే, వచ్చిన కుర్రాడు ధైర్యం చెప్పాడు. "న్యూట్రల్ లేకపోతే ఏమైంది సార్, ఎర్త్ ఉందిగా! దానికి కలిపేద్దాం. బ్రహ్మాండంగా పనిచేస్తుంది, మీకు తేడా కూడా తెలియదు."

నిజమే, తేడా తెలియదు. వానల్లో ఎర్త్ గుంత దగ్గర తుప్పు పట్టిన వైరు ఊడిపోయే దాకా తెలియదు. ఎర్త్ వైరు మన ఇంట్లో ఫ్రిజ్‌కీ, వాషింగ్ మెషిన్‌కీ, గీజరుకీ ఒళ్లంతా అతుక్కుని ఉంటుంది. అది భూమి నుంచి తెగిపోయిందంటే, మాడ్యూల్ గుండా వచ్చిన ఫేజు పోవడానికి దారిలేక ఆ ఒంటి మీదికే చేరుతుంది. తడి చేత్తో ఫ్రిజ్ తలుపు తీసినవాళ్లకి షాక్. ఇంట్లో ఆర్సీసీబీ, అంటే కరెంటు ఎర్త్‌లోకి కారితే దానంతటదే పడిపోయే స్విచ్చు, ఉంటే ఇంకో రకం గొడవ. 30 మిల్లీ ఆంపియర్ల రకానికి ఎర్త్‌లోకి కాస్త కరెంటు కారినా ట్రిప్ అయిపోతుంది. నాలుగైదు మాడ్యూళ్లు ఎర్త్‌కి కలిపితే కారణం కనబడని ట్రిప్పులు మొదలవుతాయి. అప్పుడు ఎవరో ఒకరు "ఆర్సీసీబీ పాడైంది సార్, తీసేద్దాం" అంటారు. ఆ ఇంట్లో అప్పటిదాకా సరిగ్గా పనిచేసింది అదొక్కటే. దాని మీద టి అని రాసిన బటన్ ఉంటుంది, ఈ పని మొదలుపెట్టే ముందు ఒకసారి నొక్కి చూడండి. టప్పున పడకపోతే ముందు దాన్ని మార్పించండి.

ఎర్త్ వద్దు సరే, పక్క బోర్డు న్యూట్రల్ లాగుదామంటారు. అదే సర్క్యూట్‌ది అయితే పైపులోంచి కొత్త వైరు లాగించుకోవచ్చు, మేం చివరికి చేసింది అదే. వేరే ఎంసీబీ (మెయిన్ బోర్డులో ఒక్కో సర్క్యూట్‌ని విడిగా ఆపే చిన్న స్విచ్చు) మీద నడిచే సర్క్యూట్ నుంచి మాత్రం న్యూట్రల్ అరువు తెచ్చుకోకూడదు. రేపెవరో ఈ ఎంసీబీ ఆపి, అంతా చచ్చిన వైర్లే అనుకుని చెయ్యి పెడితే, అవతలి సర్క్యూట్ కరెంటు ఆ న్యూట్రల్‌లో తిరుగుతూనే ఉంటుంది. న్యూట్రల్ అక్కర్లేని రకం స్విచ్చులూ దొరుకుతాయి. అవి లైటు గుండానే రవంత కరెంటు పోనిచ్చి బతుకుతాయి. చిన్న ఎల్‌ఈడీ బల్బు అయితే ఆపాక కూడా దెయ్యంలా మిణుకుమిణుకుమంటుంది. దానికి విరుగుడుగా లైటు దగ్గర పెట్టే చిన్న కెపాసిటర్‌ని కొన్ని కంపెనీలు స్విచ్చుతో పాటే ఇస్తాయి. ఇవ్వకపోతే ఆ రకం కొనకండి.

ఇక అసలు భయపెట్టిన సంగతి. మెయిన్ ఆపేశాం. కుర్రాడు స్క్రూడ్రైవర్ తీసుకుని బోర్డులోకి చెయ్యి పెట్టబోయాడు. నాకెందుకో అనుమానమొచ్చి "ఒక్కసారి టెస్టర్ పెట్టు బాబూ" అన్నాను. పెట్టాడు. టెస్టర్ వెలిగింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మెయిన్ కిందికే ఉంది. ఇన్వర్టర్! మనం మెయిన్ ఆపితే దానికి తెలిసింది ఒకటే, కరెంటు పోయిందని. పాపం, తన డ్యూటీ తను చేసింది, హాల్లో లైట్లకి ఫ్యాన్లకి కరెంటు పంపింది. ఈ ఊళ్లో వేసవి కోసం ఇన్వర్టర్ పెట్టుకున్న ఇళ్లు తక్కువేం కాదు. వాళ్లంతా మెయిన్ ఆపడంతో పాటు ఇన్వర్టర్‌ని కూడా దాని బటన్‌తో ఆపాలి. ఒక్క ఇన్వర్టర్ ఆపి మెయిన్ వదిలేసినా లాభం లేదు, మెయిన్ ఉంటే కరెంటు దాని గుండానే దాటి వచ్చేస్తుంది. రెండూ ఆపి, బోర్డులో ప్రతి వైరునీ చూడాలి, ఒక్క వైరు చూసి ఊరుకోకూడదు. ఆ టెస్టర్ అసలు పనిచేస్తోందో లేదో ముందే కరెంటున్న సాకెట్‌లో పెట్టి చూసుకోవాలి. లోపలి బల్బు పోయిన టెస్టర్ అన్ని వైర్లనీ చచ్చిన వైర్లనే చెబుతుంది. మల్టీమీటర్ ఉన్న మనిషి దొరికితే ఇంకా మంచిది. ఇంకో మాట, మెయిన్ దగ్గర ఇంట్లో ఒకరిని నిలబెట్టండి. టీవీ ఆగిపోయిందని పిల్లలు పరుగున వెళ్లి మెయిన్ పైకి లేపడం ఎక్కడా జరగని వింతేం కాదు.

వైర్లు కలిపే పని మీరు చెయ్యకండి. నేను చెయ్యలేదు, పక్కన టార్చి పట్టుకుని నిలబడ్డాను. కానీ నిలబడి చూడాల్సిన చోటు ఒకటుంది. మాడ్యూల్ మీద ఎస్1, ఎస్2 అని రెండు రంధ్రాలుంటాయి, పాత స్విచ్చు వైర్లు వాటికి వస్తాయి. మన బోర్డుల్లో ఒక స్విచ్చు నుంచి ఇంకో స్విచ్చుకు ఫేజు గొలుసులా లూప్ అయి ఉంటుంది. ఆ లూపు విడదీయకుండా స్విచ్చుని తెచ్చి ఎస్1, ఎస్2కి కలిపితే 230 వోల్టులు వెళ్లి మాడ్యూల్ మెదడులో కూర్చుంటాయి. చాలా రకాలకి అక్కడ కరెంటు తగలనే కూడదు. మా మొదటి మాడ్యూల్ అలాగే పోయింది, చిన్న చప్పుడు, కాలిన వాసన, అంతే. కొన్ని రకాలకి ఫేజు ఇవ్వాలి కూడా. అందుకే డబ్బాలో వచ్చిన కాగితం మీద బొమ్మని కుర్రాడికి చూపించండి. "ఇవన్నీ నాకు తెలుసు సార్" అన్నా చూపించండి.

ఎంత లోడు మోస్తుందన్నది కూడా డబ్బా మీదే ఉంటుంది. 10 ఆంపియర్లని రాసుంటే గీజరుకు సరిపోతుందని లెక్క వేస్తారు. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది, కాగితం మీద సరిపోయినట్టే ఉంటుంది. గోడలో గాలాడని పెట్టెలో, మే నెల వేడిలో, అరగంట సేపు అంత కరెంటు మోయడం వేరు. 3000 వాట్ల గీజరైతే 13 ఆంపియర్లు, దాని దగ్గరికే పోవద్దు. గీజరు, ఏసీ, నీళ్ల మోటారు ఈ చిన్న డబ్బాల పని కాదు. ఎల్‌ఈడీ లైట్లకి కూడా ఒక మెలిక ఉంది. వేసిన ఆ క్షణంలో అవి తమ వాట్ల లెక్క కన్నా ఎన్నో రెట్లు కరెంటు గుంజుతాయి. ఫాల్స్ సీలింగ్‌లో పాతిక లైట్లు ఒకే స్విచ్చు మీద ఉంటే ఆ దెబ్బలకి మాడ్యూల్ లోపల కరెంటు కలిపి విడదీసే రిలే అతుక్కుపోతుంది. యాప్‌లో ఆఫ్ అని ఉంటుంది, లైట్లు వెలుగుతూనే ఉంటాయి. రెండు మూడు స్విచ్చులకి పంచండి. ఫ్యాను స్పీడు తగ్గించాలంటే ఫ్యాను కోసం చేసిన రకమే కొనాలి, లైటు వెలుగు తగ్గించే డిమ్మర్‌తో ఫ్యాను మూలుగుతుంది.

బోర్డు పెట్టె లోతు కొలవండి. డబ్బాని బలవంతంగా నొక్కి పైన ప్లేటు బిగిస్తే స్క్రూలు వదులై, ఆ వదులు దగ్గరే వేడెక్కుతుంది. బిగించాక ప్రతి వైరునీ ఒకసారి లాగి చూడమనండి. వానాకాలంలో చెమ్మ దిగే గోడలో, బాల్కనీ బోర్డులో, గేటు లైటు దగ్గర ఇవి పెట్టొద్దు. గేటు లైటుకి కావాలంటే మాడ్యూల్‌ని ఇంట్లో బోర్డులోనే పెట్టి వైరు బయటికి పంపొచ్చు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు బోర్డులు ఎంతవరకు మునిగాయో అక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. మామూలు స్విచ్చునైతే కడిగి ఆరబెట్టి వాడినవాళ్లున్నారు, అదీ మంచిది కాదు. నీళ్లు తాగిన మాడ్యూల్‌ని మాత్రం ఆరబెట్టే ప్రయత్నమే వద్దు, పారేయడమే.

గాలివానలో ఇంకో ప్రమాదం వీధి స్తంభం నుంచి వస్తుంది. కొమ్మ విరిగిపడి లైన్‌లో న్యూట్రల్ తెగితే, 230 రావాల్సిన ఇంట్లోకి 400 దాకా వోల్టులు రావచ్చు. మామూలు స్విచ్చుకి చీమ కుట్టినట్టు ఉండదు, వైఫై స్విచ్చు మాడిపోతుంది. లైట్లు ఉన్నట్టుండి కళ్లు చెదిరేలా వెలిగితే ఆలోచించకుండా మెయిన్ ఆపి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి. ఒక్కో గదికి స్విచ్చుల మీద వేలు పోసేవాళ్లు, మెయిన్ దగ్గర వోల్టేజీ ఎక్కువైతే ఆపేసే పరికరం ఒకటి, పిడుగుల తాకిడి తట్టుకునే సర్జ్ ప్రొటెక్టర్ ఒకటి పెట్టించుకోవడానికి ఎందుకు వెనకాడతారో నాకు అర్థం కాదు. అవి గోడ మీద మెరవవు కదా, అందుకేనేమో.

వైఫై గురించి క్లుప్తంగా. ఈ స్విచ్చుల్లో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేస్తాయి. రౌటర్ 2.4, 5 గిగాహెర్ట్జ్ సిగ్నళ్లు రెండిటికీ ఒకే పేరు పెట్టి ఉంటే కలపడం దగ్గర మొండికేస్తాయి, అప్పటికి 5 గిగాహెర్ట్జ్‌ని ఆపండి. కొనకముందే ఫోన్ తీసుకెళ్లి బోర్డుకి ఆనించి సిగ్నల్ చూసుకోండి. రౌటర్ ఇన్వర్టర్ మీద ఉండాలి. యాప్‌లో ఖాతా మాత్రం మీ ఫోన్ నంబరుతోనే తెరవాలి. "నేను చేసిపెడతా సార్" అని ఎలక్ట్రీషియన్ తన ఫోన్‌లో కలిపి వెళ్లిపోతే మీ పడకగది లైటు అతని జేబులో ఉన్నట్టే.

స్విచ్చులు మొత్తం పీకి అద్దంలాంటి టచ్ ప్యానెల్ పెట్టించాలా, పాత స్విచ్చు వెనక మాడ్యూల్ పెట్టించాలా అంటే నా ఓటు రెండోదానికే. పక్కింట్లో టచ్ ప్యానెల్ చూసొచ్చిన మా అమ్మ మొదట అడిగింది ఇదే: "ఏరా, దేవుడి గదిలో లైటేసుకోవాలన్నా నీ ఫోన్ అడగాలా?" పాత స్విచ్చు ఉంటే నెట్ పోయినా, రౌటర్ చచ్చినా చేత్తో వేసుకోవచ్చు. ఒక్కటే ఇబ్బంది, ఫోన్‌తో లైటు ఆపాక స్విచ్చు ఆన్ వైపే ఉండిపోతుంది. అమ్మకి అది అలవాటు కావడానికి వారం పట్టింది. పైకా కిందికా అని చూడకుండా ఒకసారి నొక్కడమే.

అంతా అయ్యాక ఎలక్ట్రీషియన్ సామాను సర్దుకునే లోపు ఒక పరీక్ష పెట్టండి. లైట్లన్నీ ఆపి, మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపి, మళ్లీ వేయండి. మా ఇంట్లో ఈ పరీక్ష చెయ్యలేదు. మూడో రోజు రాత్రి రెండింటికి గాలివాన, ఇన్వర్టర్ బ్యాటరీ అయిపోయింది, కాసేపటికి కరెంటొచ్చింది. వస్తూనే నాలుగు గదుల్లో లైట్లన్నీ ఒక్కసారిగా భగ్గున వెలిగాయి. దొంగలు పడ్డారేమోనని అమ్మ కేకలు. యాప్‌లో ఒక సెట్టింగ్ ఉంటుంది: కరెంటు తిరిగొచ్చాక లైటు వెలగాలా, ఆగి ఉండాలా, పోకముందు ఎలా ఉందో అలా ఉండాలా అని. మూడోది పెట్టండి. పడకగదికైతే రెండోది. ఒక్కో స్విచ్చుకి విడిగా పెట్టాల్సి వస్తుంది, కాబట్టి అన్నిటికీ పెట్టి, మెయిన్ ఇంకోసారి ఆపి వేసి చూశాకే కూలి డబ్బులివ్వండి. తీసేసిన పాత వైరు ముక్కలు, మిగిలిన స్క్రూలు, ఆ బొమ్మ ఉన్న కాగితం ఒక కవర్లో వేసి మెయిన్ బోర్డు పక్కనే తగిలించి పెట్టుకోండి.