చిన్న రెజ్లింగ్ సంస్థ తన తొలి పే-పర్-వ్యూకు ఎలా సిద్ధం కావాలి?

వారం వారం ఉచితంగా చూసే ప్రేక్షకుడు ఒక రాత్రి ప్రసారానికి ప్రత్యేకంగా డబ్బు చెల్లించాలంటే, ఆ రాత్రి తప్ప మరెప్పుడూ తీరని ఆరాటం అతనిలో ముందుగానే కలగాలి. దాన్ని ఎలా కలిగించాలో తెలుసుకోదలచిన నిర్వాహకులు, ఎక్స్‌ట్రీమ్ ఛాంపియన్‌షిప్ రెజ్లింగ్ (ఈసీడబ్ల్యూ) 1997 ఏప్రిల్ 13న ఫిలడెల్ఫియాలో జరిపిన తన తొలి పే-పర్-వ్యూ ‘బేర్లీ లీగల్’ను శ్రద్ధగా పరిశీలించాలి.

మొదట ఒక పోటీని ఎంచుకుని, దాన్ని జరగనివ్వకుండా ఆపి ఉంచండి. టాజ్ అనే రెజ్లర్ సాబూను ఏడాదికి పైగా సవాలు చేస్తూనే ఉన్నాడు. సంస్థ పగ్గాలు పట్టిన పాల్ హేమన్ మాత్రం వారి ముఖాముఖి పోరును పే-పర్-వ్యూ కోసమే దాచాడు. చిన్న సంస్థకు ఇది చాలా కష్టమైన పని, ఎందుకంటే వచ్చే శనివారం టికెట్లు అమ్ముడుపోవాలన్న ఆత్రంలో మంచి పోటీని ముందే ఖర్చుచేసేస్తారు. ఆపి ఉంచినంత కాలమూ ఆ వైరాన్ని మాటలతో, అడ్డంకులతో సజీవంగా ఉంచాలి.

దానికి తోడుగా, ప్రేక్షకులు మనస్ఫూర్తిగా గెలవాలని కోరుకునే ఒక మనిషి కథ కూడా ఉండాలి. ఆ రాత్రి 52 ఏళ్ల టెర్రీ ఫంక్ ముగ్గురి పోటీలో శాండ్‌మన్‌ను, స్టీవీ రిచర్డ్స్‌ను దాటి, వెంటనే రేవెన్‌ను ఓడించి ఛాంపియన్ అయ్యాడు. వైరం డబ్బు కట్టిస్తుంది. ఇలాంటి కథ ప్రేక్షకుణ్ణి చివరిదాకా కూర్చోబెడుతుంది.

ఇక భద్రత విషయాన్ని తేలిగ్గా తీసుకోవద్దని ప్రాధేయపడుతున్నాను. 1996 నవంబరులో మసాచుసెట్స్‌లోని రివీర్‌లో జరిగిన ఈసీడబ్ల్యూ ప్రదర్శనలో, రాని రెజ్లర్ స్థానంలో వయసు దాచి రింగ్‌లోకి దిగిన 17 ఏళ్ల కుర్రాడు నుదుటిపై లోతైన కోతతో విపరీతంగా రక్తం కోల్పోయాడు. ఆ ఘటన కారణంగా ప్రసార సంస్థ పే-పర్-వ్యూను రద్దు చేసింది. అభిమానులు పట్టుబట్టి విన్నవించుకున్న తర్వాతే అవకాశం తిరిగి దక్కింది. ఫలితం ముందే నిర్ణయమైనా దెబ్బ నిజమైనదే గనుక, వయసు ధ్రువపత్రం, శిక్షణ వివరాలు, వైద్య పరీక్ష చూడకుండా ఎవరినీ, చివరి నిమిషంలో వచ్చినవారిని మరీ ముఖ్యంగా, రింగ్‌లోకి పంపకూడదు.

ప్రచారానికి మీకన్నా పెద్ద వేదిక దొరికితే సంకోచించకండి. 1997 ఫిబ్రవరి 24న ఈసీడబ్ల్యూ రెజ్లర్లు తమకన్నా ఎంతో పెద్ద సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (నేటి డబ్ల్యూడబ్ల్యూఈ) వారి ‘రా’ టీవీ కార్యక్రమంలో కనిపించడంతో, వారి పేరే వినని ఇళ్లకు కూడా పే-పర్-వ్యూ కబురు చేరింది. వేదిక ఎంపికలో మాత్రం పెద్దదానికి ఆశపడవద్దు: ఈసీడబ్ల్యూ వారు బింగో ఆటలు జరిగే తమ పాత హాలునే ఎంచుకున్నారు, అక్కడ కిక్కిరిసిన వెయ్యి మందికి పైగా అభిమానుల కేకలు తెరపై ఎంతో గొప్పగా వినిపించాయి.

చివరి వారంలో గడియారం దగ్గర పెట్టుకుని, ప్రతి పోటీకీ ప్రవేశ సంగీతంతో సహా నిమిషాలు కేటాయించి, మొత్తాన్ని ఒకసారి నడిపి చూడండి. కరెంటుకు ప్రత్యామ్నాయ ఏర్పాటును కూడా అదే రోజు పరీక్షించండి. ‘బేర్లీ లీగల్’ ప్రసారం ముగిసిన కాసేపటికే ఆ హాలులో కరెంటు పోయింది.