కాలేజీ చూడటానికి పోతున్నారా? ఏది కనిపిస్తే అనుమానించాలి, ఏమడగాలి

కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు (ఏ కాలేజీ, ఏ బ్రాంచి కావాలో ఎంచుకోవడం) పెట్టేముందు తిరుపతి చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలు చూద్దామని చిత్తూరు, పీలేరు, పలమనేరు నుంచి పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తుంటారు. ఏసీ సెమినార్ హాలు, లైబ్రరీ, ఒక ల్యాబు చూపించి గంటలో పంపేస్తారు. ఆ గంటలో దేన్ని పట్టి చూడాలో కింద ఉంది. ఒకటే షరతు: క్లాసులు జరిగే రోజు పోవాలి, ఆదివారమో సెలవుల్లోనో పోతే గోడలు తప్ప ఏమీ కనబడవు.

ల్యాబు అద్దంలా మెరుస్తోంది

కారణం రెండు రకాలు. నిజంగానే బాగా చూసుకుంటుండొచ్చు, లేదా తనిఖీలకు తప్ప తాళం తీయకపోవచ్చు. తేడా తెలియాలంటే యంత్రాన్ని కాదు, దాని చుట్టూ చూడండి. వర్క్‌షాపులో లేత్ (ఇనుమును తిప్పుతూ చెక్కే యంత్రం) కింది ట్రేలో ఇనుప రజను ఉందా? టూల్ మొనకు అరుగుదల ఉందా? కంప్యూటర్ ల్యాబులో మూలన ఉన్న సిస్టమ్ ఒకటి ఆన్ చేయమనండి. ముందు వరుసవి ఎప్పుడూ పనిచేస్తాయి. తర్వాత ల్యాబ్ రికార్డు ఒకటి అడిగి తిరగేయండి. పది ప్రయోగాలకూ ఒకే పెన్నుతో, ఒకే తేదీతో సంతకాలుంటే సెమిస్టర్ చివర్లో కూర్చుని రాసేసినట్టే. వారం వారం తేదీలు మారుతూ, అక్కడక్కడా ఎర్ర ఇంకు దిద్దుబాట్లుంటే అక్కడ ఎవరో చదువు చెబుతున్నట్టు. "ఒక్క ప్రయోగానికి ఎంతమంది?" అని కూడా అడగండి. ఆరుగురంటే ఇద్దరు చేస్తారు, నలుగురు చూస్తారు.

"100 శాతం ప్లేస్‌మెంట్స్" అని పెద్ద ఫ్లెక్సీ

అబద్ధం కాకపోవచ్చు, లెక్క కట్టిన తీరు వేరు. ఉదాహరణకు ఒక బ్రాంచిలో 120 మంది చేరారనుకోండి. సబ్జెక్టులు తప్పినవాళ్లను తీసేస్తే 70 మంది మిగిలారు. వాళ్లలో ప్లేస్‌మెంట్ సెల్‌లో పేరిచ్చినవాళ్లు 60. వచ్చిన ఆఫర్ లెటర్లు 60, కానీ కొందరికి రెండేసి రావడంతో నిజంగా ఉద్యోగం దొరికింది 42 మందికే. ఫ్లెక్సీ మీద 60కి 60 పడుతుంది. మీకు కావాల్సింది 120కి 42.

కాబట్టి ఈ వరుసలోనే అడగండి: మా బ్రాంచిలో పోయిన బ్యాచ్‌లో చేరినవాళ్లెంత? ఏ సబ్జెక్టూ తప్పకుండా పాసైనవాళ్లెంత? ఆఫర్లు ఎన్ని అని కాదు, ఆఫర్ వచ్చిన పిల్లలెంతమంది? ఉద్యోగంలో చేరినవాళ్లెంత? జీతాల్లో అత్యధికం అడగొద్దు, మధ్యస్థం అడగండి. అంటే అందరినీ జీతం వరుసలో నిలబెడితే సరిగ్గా నడుమ ఉన్నవాడిది. కాలేజీ కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌కు దరఖాస్తు చేసి ఉంటే, పాసైనవాళ్లు, ఉద్యోగాలు, మధ్యస్థ జీతం అన్నీ వాళ్లే అందులో రాసిచ్చి ఉంటారు. ఆ కాగితం కాలేజీ వెబ్‌సైట్‌లో వెతికి, నోటితో చెప్పిన అంకెతో పోల్చండి.

గేటు మీద న్యాక్ గ్రేడు, బ్రాంచి గురించి మాత్రం మాట్లాడరు

న్యాక్, ఎన్‌బీఏ రెండూ నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే సంస్థలు. న్యాక్ ఇచ్చేది మొత్తం కాలేజీకి. ఎన్‌బీఏ ఇచ్చేది బ్రాంచి వారీగా. ఈసీఈకి ఉందంటే సీఎస్ఈకి ఉన్నట్టు కాదు. సర్టిఫికెట్ మీద గడువు తేదీ చదవండి. కొత్తగా పెట్టిన ఏఐ, డేటా సైన్స్ బ్రాంచిలకు లేకపోతే మాత్రం తప్పుపట్టకండి. రెండు బ్యాచ్‌లు బయటికి రానిదే ఎన్‌బీఏ దరఖాస్తుకే వీల్లేదు. అక్కడ అడగాల్సింది ఆ సబ్జెక్టులు చెప్పేదెవరని. ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతిచ్చే ఏఐసీటీఈ లెక్క 20 మందికి ఒక అధ్యాపకుడు: 60 సీట్ల బ్రాంచికి నాలుగేళ్లూ కలిపి 240 మంది, అంటే 12 మంది సార్లు. వెబ్‌సైట్‌లోని పేర్లలో మూడు ఎంచుకుని, "ఈ మేడమ్ ఇప్పుడు ఏ క్లాసులో ఉన్నారు?" అని టైంటేబుల్ దగ్గర నిలబడి అడగండి.

వెంట ఉన్నవాళ్లు మిమ్మల్ని ఒక్క నిమిషం వదలరు

మధ్యాహ్నం భోజనం వేళకు క్యాంటీన్‌కో, సాయంత్రం కాలేజీ బస్సుల దగ్గరికో చేరండి. "కాలేజీ బాగుందా నాయనా?" అంటే ఎవరైనా బాగుందనే అంటారు. "ఈ సెమిస్టర్ మధ్యలో ఏ సబ్జెక్టుకు సార్ మారారు?", "నిన్న ఎన్ని పీరియడ్లు జరిగాయి?", "అటెండెన్స్ తగ్గితే ఎంత కట్టించుకుంటారు?" అనండి, జవాబు వాళ్లకు వేళ్ల మీద ఉంటుంది. చిత్తూరు నుంచి రోజూ వచ్చిపోవాలనుకుంటే బస్సు మీ స్టాపులో ఎన్నింటికి ఎక్కించుకుంటుందో డ్రైవర్నే అడగండి. ఒకవైపే 70 కిలోమీటర్లు మరి.

హాస్టల్లో ఒకే గది చూపిస్తారు

అది చూపించడానికే పెట్టుకున్న గది. పై అంతస్తు బాత్రూముకు పోయి కుళాయి తిప్పండి. ఏప్రిల్, మే నెలల్లో బోర్లు ఎండితే ట్యాంకర్లు ఎన్ని తెప్పిస్తారో వార్డెన్‌ను అడగండి. ర్యాగింగ్ సహాయ నంబరు 1800-180-5522 గోడ మీద లేకపోతే అదీ ఒక గుర్తే.

"ఈరోజే కడితే రాయితీ, ఒరిజినల్స్ ఇచ్చిపోండి"

ఇలా అనేది మిమ్మల్ని వేరే కాలేజీకి పోకుండా కట్టిపడేయడానికి. సర్టిఫికెట్లు సరిచూసి వెంటనే తిరిగివ్వాలి, దగ్గర పెట్టుకోకూడదన్నది ఏఐసీటీఈ నిబంధన. ట్యూషన్ ఫీజుతో పాటు బస్సు, హాస్టల్, పరీక్ష ఫీజు, ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ ఫీజు నాలుగేళ్లకూ ఎంతో కాగితం మీద రాయించుకోండి. రాసివ్వమంటే నీళ్లు నమిలితే ఆ అంకె ఏటా పెరుగుతుందని అర్థం. మొదటిసారి పోయేటప్పుడు సంచిలో జిరాక్సులే పెట్టుకోండి. ఒరిజినల్స్ ఇంట్లో బీరువాలో ఉంటే, ఎంత మొహమాటపెట్టినా ఇవ్వడానికి చేతిలో ఉండవు.